తోలుతోక

"చూ!" అన్నాడు ఒరోజ్.

మోటార్ సైకిల్ కదల్లేదు.

మడమలతో దాని డొక్కలో పొడిచాడు. నడుముకి దోపుకున్న కొరడా తీసి వెనక ఒకటిచ్చాడు. అది చెవైనా ఆడించలేదు.

"ఆ తోలుతోకతో దాన్నెందుకయ్యా బాదుతావు?" గుడారం లోంచి అరిచింది పెళ్ళాం జూరా.

మా కిర్గిజ్ కొండల్లో కోడళ్ళు అత్తింటి పెద్దల పేర్లు పలకరు. ఆ పేర్లలో కలిసిన మాటలూ పలకరు. నలభై ఏళ్ళుగా జూరా నోట తోడేలు 'కూసేది', కొరడా 'తోలుతోక'. ఏ మాట ఎవరి కోసం మానేసిందో ఒరోజ్ ఎప్పుడో మరిచిపోయాడు.

అరవై మూడేళ్ళ బతుకులో అతను గుర్రం తప్ప మరొకటి ఎక్కి ఎరగడు. ఆ గుర్రం మొన్న బొరియలో కాలు పెట్టి కుంటుతోంది. మిగిలింది అల్లుడు వదిలేసిపోయిన ఈ చిన్న బండి.

రేపు మనవడి వేడుక. అడుగులు మొదలెట్టిన బిడ్డ కాళ్ళకి దారం కట్టి, ఓ ఘనుడి చేత తెంపిస్తారు. తెంపినవాడి గుణం బిడ్డకొస్తుందని నమ్మకం.

"కామ్చిబెక్ వచ్చి తెంపుతాడు. గుర్రపు పందేల్లో ఆయన్ని మించినవాడు లేడు. మా వంశమే, నాకు అన్న వరస! రాకపోతే నా టోపీ మేకకి మేపుతా" అని ఒరోజ్ గుడారం గుడారం తిరిగి చాటాడు.

ఆ అన్నని అతను చూసింది ఒక్కసారే. అదీ చిన్నప్పుడు, దుమ్ములో, వెనకనుంచి. పిలవడం ఇంకా పిలవనే లేదు. ఇవాళ కనుమ దాటి ఆయన ఊరు వెళ్ళి తీరాలి.

మేక అప్పుడే టోపీ వంక చూస్తోంది.

"తమ్ముడూ, కొడితే లేవదది. ముందు తాళం తిప్పు."

బాట మీద ఓ ముసలాయన. కుంటుకుంటూ, కాలినడకన, మోకాళ్ళదాకా దుమ్ము.

కాలినడక మనిషంటే ఒరోజ్‌కి కోడి కన్నా లోకువ. కానీ అవసరం తనది.

"నీకొచ్చా?"

"ఏదో, కొంచెం."

తాళం తిప్పారు. బండి ఎగిరి దూకింది. ఒరోజ్ కళ్ళెం లాగినట్టు హేండిల్ గుండెలకేసి లాగి "ద్ర్‌ర్! ద్ర్‌ర్!" అన్నాడు. గుర్రమైతే ఆగేది. ఇది జూరా ఆరబెట్టిన పెరుగు ఉండల్లోకి సరాసరి వెళ్ళి పడుకుంది.

"లాగకు తమ్ముడూ, నొక్కు! బ్రేకు నొక్కు!"

"నోరులేని దానికి ఇన్ని మీటలేంటయ్యా!"

"మనవడికి నడక, తాతకి చక్రాలు! రేపు ఇద్దరికీ కలిపి దారం తెంపిద్దాం" అంది జూరా ఉండలు ఏరుకుంటూ.

ముసలాయన బండి లేపాడు. మళ్ళీ ఎక్కించాడు. ఒరోజ్ మళ్ళీ పడ్డాడు. ముసలాయన మళ్ళీ లేపాడు. పక్కనే కుంటుతూ పరిగెత్తాడు.

ఉన్నట్టుండి బండి నిలకడగా సాగింది.

గాలి చొక్కాలో దూరింది. పచ్చిక ఏరులా వెనక్కి పారింది. ఒరోజ్ నవ్వుతున్నాడు, ఎందుకో తెలీకుండా పైకే నవ్వుతున్నాడు. గుడారం చుట్టూ తిరిగాడు. చాలక మళ్ళీ తిరిగాడు. కుంటి గుర్రం మేత మాని గుడ్లప్పగించింది.

"ఇది తన్నదు! అలగదు! మేతడగదు! ఇన్నాళ్ళూ ఒక్కడూ చెప్పలేదేం నాకు?"

"నాకూ ముసలితనంలోనే తెలిసింది తమ్ముడూ" అన్నాడు ముసలాయన, రాయి మీద కూలబడి తుంటి రుద్దుకుంటూ. "ఇంతకీ ఈ ఆరాటం ఎవరి కోసం?"

"కామ్చిబెక్ కోసం. నీకేం తెలుస్తుందిలే. ఆయన నేల మీద కాలు పెట్టడు. నిద్ర కూడా జీను మీదే."

"పాపం, నడుం పట్టెయ్యదూ?"

"ఉక్కు నడుమది! నీలాంటిదనుకున్నావా? సరే, లోపలికెళ్ళి టీ తాగు. తలుపు దగ్గర కూర్చో, పైచోటు ఆయనది. పొద్దు వాలేలోగా వెళ్ళిపో. ఆయనొచ్చే వేళకి నా ఇంట కాలినడక మనుషులు కనబడితే పరువు పోతుంది."

"అలాగే తమ్ముడూ" అని నవ్వుకుంటూ లోపలికెళ్ళాడు ముసలాయన.

మా వైపు టీ పోశాకే అతిథిని పేరడుగుతారు. జూరా పోసింది, అడిగింది. మరుక్షణం గరిటెతో బయటికి పరిగెత్తింది.

"ఏమయ్యో! ఆగు! తోలుతోక! తోలుతోక ఇక్కడేనయ్యో!"

అప్పటికే బండి కదిలింది. ఒరోజ్ నడుము తడుముకున్నాడు. కొరడా తీసి ఎత్తి చూపించాడు.

"నా దగ్గరే ఉందే, పిచ్చిదానా!"

కనుమ ఎక్కాడు, దిగాడు. ఇంత సరదా దారి అప్పుడే అయిపోతుందేమోనని దిగులు పడ్డాడు. కామ్చిబెక్ ఇంటి ముందు బ్రేకు మరిచి మళ్ళీ "ద్ర్‌ర్!" అని, దడిని గుద్ది ఆగాడు.

కోడలు బయటికొచ్చింది.

"మామగారు లేరండీ. ఎవరో తమ్ముడు ఆయన పేరు మీద టోపీ పందెం కాశాట్ట. 'పిలుపు కోసం కూర్చుంటే టోపీ మేక పాలవుతుంది' అని మీ వైపే బయల్దేరారు."

"ఏ గుర్రం మీద?" ఒరోజ్ కళ్ళు మెరిశాయి.

"గుర్రమా! తుంటి విరిగాక జీను ముట్టుకుంటేగా! మోటార్ సైకిలే ఎక్కుతారు. అదీ దారిలో ఎవరికో వైద్యుణ్ణి తేవాలంటే ఇచ్చేసి, కుంటుకుంటూ నడిచే వెళ్ళారట."

పొద్దు కొండ మీదికి వాలింది.

ఒరోజ్ చెయ్యి నడుమున ఉన్న కొరడా మీద పడింది. మా భాషలో దాని పేరు కామ్చి.