అయిదు గంటల పొగ

పైపు రెండో దమ్ముకే వీరరాఘవయ్యకు దగ్గు ముంచుకొచ్చింది.

నాగసాయి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి గడియారం చూసుకున్నాడు. "ఇదీ కాదా?"

"కేకు మాడినట్టుంది బాబూ. ఆవిడ దగ్గర ఇది సాగదు."

బల్ల మీద మూడు కొత్త డబ్బాలున్నాయి. సింగపూర్ వెళ్ళొచ్చిన ఆఫీసు మనిషి తెచ్చినవి. పక్కనే పాత డబ్బా, ఖాళీది. ఆ రకం పొగాకు ఇక రాదని ఆబిడ్స్ కొట్టువాడు ఎప్పుడో చెప్పేశాడు.

నాగసాయి ఖాళీ డబ్బాలో ముక్కు పెట్టి వాసన చూశాడు. మూడో డబ్బా మూత తీసి మళ్ళీ చూశాడు. హైటెక్ సిటీలో మూడొందల మందితో కంపెనీ నడిపే మనిషి. కంప్యూటర్లకు వైటూకే గండం గడిచిన దగ్గర్నుంచీ ఊపిరాడనంత పని. అయినా పది రోజులుగా నాలుగింటికల్లా జూబ్లీ హిల్స్ ఇంటికి వచ్చేస్తున్నాడు.

అంతా తల్లి లీలాకుమారి కోసం. చక్కెర జబ్బుతో ఆమెకు చూపు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి పదకొండు నెలలైంది. అప్పటినుంచి ఆమెకు పొద్దు తెలిసేది ఆ పొగతోనే. సాయంత్రం అయిదింటికి వరండాలో పైపు వెలగాలి. పేపరు చదివే గొంతు వినపడాలి. అప్పుడే మందులు వేసుకుంటుంది. అప్పుడే నాలుగు మెతుకులు తింటుంది. పొగాకు అయిపోయి పైపు వెలగని రెండు రోజులూ కంచం ముట్టలేదు.

"రెండోదీ మూడోదీ కలిపి చూడండి," అన్నాడు నాగసాయి.

వీరరాఘవయ్య రెండు రకాలూ అరచేతిలో వేసి నలిపాడు. పైపులో నింపి బొటనవేలితో అదిమాడు. వెలిగించాడు. గొంతులో ముల్లు దిగినట్టయింది.

ఆ గొంతే ఆయన బతుకు. మొదట మద్రాసులో, తర్వాత ఫిల్మ్ నగర్‌లో, ముప్పై ఏళ్ళు డబ్బింగ్ చెప్పాడు. విలన్లకు, జమీందార్లకు, దేవుళ్ళకు.

"బాబూ, సోమవారం సత్యనారాయణమూర్తిగారి డబ్బింగ్ థియేటర్లో పనుంది. పెద్ద వేషానికి గొంతు. నేను వెళ్ళకపోతే ఇంకొకరితో చెప్పించేస్తారు. ఈ పైపు ఇక మానేస్తే..."

"మానేస్తే అమ్మ?"

"నా గొంతు పోతోంది."

"మీరు నాకు మాటిచ్చారు." నాగసాయి స్వరం తగ్గించాడు. "మొన్న చెప్పకుండా ఫిల్మ్ నగర్ వెళ్ళారట. అక్కణ్ణుంచి ఎవరైనా ఇంటికి ఫోన్ చేస్తే? అమ్మ ఎత్తితే?"

వీరరాఘవయ్య పైపు దులిపి బల్ల మీద పెట్టాడు.

మేడ మీద ఆయన గదిలోంచి చూస్తే స్టూడియో రేకుల కప్పు కనపడుతుంది. నడిస్తే పావుగంట. కానీ ఆ మొన్నటి తర్వాత గేటుకు తాళం పడింది. నిన్న షేక్‌పేటలో చాయ్ తాగొస్తానని బయల్దేరితే కాపలా భిక్షం స్టూలు మీంచి లేవనైనా లేవలేదు.

"గీడ వెండి గ్లాసుల కాఫీ ఇస్తుంటే గాడ ఈగలు ముసిరిన చాయ్ ఏంది సార్?"

"కాస్త గాలి పీల్చుకొస్తానయ్యా."

"గాలి తోటల మస్తుగున్నది. ఎంత గావాల్నో పీల్చుండ్రి. మిమ్మల్ని ఇడిస్తే సారు నన్ను ఇడువడు. జర నా నౌకరి ఉండనియ్యుండ్రి."

నాగసాయి లేచి నిలబడ్డాడు. "ఇదే ఆఖరు. ఇదీ కుదరకపోతే అమ్మకు నేనేదో ఒకటి చెప్పుకుంటాను. మీరు ఎక్కడికైనా వెళ్ళండి, ఆపను. నచ్చిందంటే మాత్రం ఏడాదికి సరిపడా తెప్పించేస్తాను."

ఏడాది!

నచ్చకూడదు స్వామీ అని వీరరాఘవయ్య మొక్కుకున్నాడు. వెంటనే అన్నం తినని ఆ మనిషి గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. అయినా మొక్కు వెనక్కి తీసుకోలేదు.

అయిదు గంటలైంది. వరండాలో లీలాకుమారి పేము కుర్చీలో కూర్చుని ఉంది. వీరరాఘవయ్య ఎప్పటిలాగే దూరంగా, మెట్ల దగ్గర కూర్చున్నాడు. పొగ మరీ దగ్గరగా తగలకూడదని డాక్టరు చెప్పాడు. ఆమెకు మాట తక్కువ. ఆయన్ను పిలవాలంటే చేతికర్రతో నేలను రెండుసార్లు తడుతుంది, అంతే.

పైపు వెలిగింది. పొగ మెల్లగా ఆమె వైపు సాగింది.

ఆమె తల ఎత్తింది. గుమ్మంలో నాగసాయి ఊపిరి బిగబట్టాడు.

"ఏరా సాయీ, పొగాకు మార్చావా?"

నాగసాయి మొహం పాలిపోయింది. వీరరాఘవయ్యకు గేటు తాళం ఊడినట్టే అనిపించింది.

"అవునమ్మా... పాతది దొరకట్లేదు."

ఆమె ఇంకోసారి గాలి పీల్చింది. "ఇదే బాగుందిరా. ఇదే ఉంచు."

నాగసాయి మొహం వెలిగిపోయింది. గబగబా మెట్లు దిగుతూ సెల్‌ఫోన్ తీశాడు. "ఆఁ, రెండోదీ మూడోదీ. చెరో ఇరవై డబ్బాలు పంపించమను." కారు బయటికి వెళ్ళింది. వెనకే భిక్షం తాళం వేసిన చప్పుడు.

వీరరాఘవయ్య పేపరు తెరిచాడు. మొదటి వార్త సగంలోనే గొంతు పూడుకుపోయింది. దగ్గు పట్టుకుంది. ఎంతకీ ఆగలేదు.

కర్ర నేలను రెండుసార్లు తట్టింది.

"అబ్బాయి వెళ్ళిపోయాడా?"

"ఆఁ... వెళ్ళాడు."

"అయితే ఆ పైపు ఆర్పేసి ఇక మీ ఇంటికి వెళ్ళండి వీరరాఘవయ్యగారూ, భిక్షానికి నేను చెబుతాను, వచ్చే నెల మా ఆయన సంవత్సరీకమైనా వాడు నా దగ్గర దాచకుండా పెట్టుకోవాలి," అంది లీలాకుమారి.