గోడ మీది బూతుబొమ్మ

"తప్పుకోండి స్వామీ! ఈ గోడకి సున్నం కొట్టందే నేనిక్కణ్ణించి కదల్ను," అన్నాడు ఊరిపెద్ద కంఫన్ పెద్దభిక్షువుతో, సున్నం బకెట్టు కింద పెట్టి.

బుద్ధుడి గుడి గోడ నిండా తాతల నాటి బొమ్మలు.

పెద్దభిక్షువుకి జిగురన్నం తెచ్చిన కంఫన్ భార్య తొంగ్‌సాయి ఆగింది. "అంత బూతు ఏముందయ్యా ఇందులో?"

"ఆ మూల, ఏనుగు తోక కింద చూడు. ఏట్లో స్నానాలు చేసే అమ్మాయిలు! ఎడంపక్క దానికి నడుం మీద పుట్టుమచ్చ. వెనకదాని లుంగీ ముడి సగం ఊడింది. ఛీ, చెప్పడానికే సిగ్గు!"

"రోజూ ఈ గోడ ముందే ఊడుస్తాను. నాకు ఏ పుట్టుమచ్చా కనపళ్లేదే!" అంది తొంగ్‌సాయి.

పెద్దభిక్షువు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

తొంగ్‌సాయి వంగి తీరిగ్గా చూసింది. ఫక్కున నవ్వింది. "అన్నీ చూశావు గానీ, ఈ పుట్టుమచ్చ పిల్ల మొహం చూశావా? ఎవర్నో చూసి నవ్వుతోంది."

ఆమె వేలు చూపిన చోటికి కంఫన్ వంగాడు. పొద చాటునుంచి ఓ బట్టతల మనిషి నోరు తెరుచుకుని తొంగి చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఆ మనిషి అతని కంటపడనే లేదు.

కంఫన్ గబుక్కున తన బట్టతల తడుముకున్నాడు. కుంచె సున్నంలో ముంచి పొద మీదికి ఎత్తాడు.

తొంగ్‌సాయి అతని చెయ్యి పట్టుకుంది. "వాణ్ణి చెరిపేస్తే, పాపం, ఆ పిల్ల ఎవర్ని చూసి నవ్వుతుందయ్యా?"

కంఫన్ కుంచె దించాడు. ఆ అమ్మాయి మొహంలోకి మొదటిసారి చూశాడు. ఎక్కువసేపు చూడలేక తనే తల దించుకున్నాడు.