ఆదివారం ఆఖరి పాట

"ఈ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు," అంటూ తలుపు మూయబోయింది ఆమె.

యోరిస్ కాలు అడ్డం పెట్టాడు. అరవై ఆరేళ్ళ వయసులో ఇదేం పనని అతనికే సిగ్గేసింది.

"ఒక్క నిమిషం అండీ. జి. లామెన్స్ అని ఒక గాయకుడు. నలభై ఐదేళ్ళ కిందట ఒకే ఒక్క డిస్కో పాట పాడాడు. వెతగ్గా వెతగ్గా ఈ అడ్రసు దొరికింది. ఆంట్‌వర్ప్ నుంచి వస్తున్నాను."

"గాయకుడు కాదు. జి అంటే గోడెలీవ్. అది నేనే."

యోరిస్ నోరు తెరుచుకుని చూశాడు. ఎదురుగా అరవై దాటిన మనిషి. ఏప్రన్ కట్టుకుని ఉంది. చేతులకి రొయ్యల పొట్టు అంటుకుని ఉంది.

"పొరపాటయి ఉంటుందండీ. అది మగ గొంతు. బాగా బొంగురు గొంతు."

"అయితే పొరపాటే. వెళ్ళిరండి."

"ఆర్నో చచ్చిపోతున్నాడండీ!" అనేశాడు యోరిస్. ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదటిసారి. "ఇంకో వారం అంటున్నారు. మేమిద్దరం నలభై ఏళ్ళుగా కలిసి ఉంటున్నాం. మా క్లబ్బులో పాటలు వేసేది అతనే. ఆ రికార్డుని పాత సామాన్ల సంతలో ఏరుకొచ్చింది కూడా అతనే. ప్రతి ఆదివారం ఆఖరి పాట అదే. ఆ పాడినవాణ్ణి తీసుకెళ్ళి ఒక్కసారి అతని ముందు నిలబెడదామని..."

ఆమె తలుపు వదిలేసి లోపలికి నడిచింది.

వంటింట్లో, ఒలిచిన రొయ్యల గిన్నె పక్కన ఫోను పెట్టి యోరిస్ పాట వినిపించాడు. ఎవరో నేలమాళిగ మెట్లు దిగుతున్నట్టు నిదానంగా డ్రమ్ము. వెనకాల కాళ్ళీడ్చే గిటారు. ఆపైన, ఎవరి పక్కలోంచో ఇప్పుడే లేచొచ్చినట్టు ఒక మగ గొంతు. 'దిగి రా... భయపడకు... దిగి రా...'

"ఛీ, ఏం పాటండీ ఇది! ఎవడో తాగి..." అంటూనే ఆమె ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. "ఇవి నా మాటలే."

ఆమె బల్ల మీద చేత్తో గబగబా దరువేస్తూ పాడింది. అవే మాటలు. కానీ సన్నటి గొంతు, గంతులేసే వరస.

"మా తమ్ముడికి సముద్రమంటే భయం. వాణ్ణి నీళ్ళలోకి పిలుస్తున్నట్టు రాశాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ రికార్డు నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాలి. మీవాడు దాన్ని ముప్ఫైమూడు మీద పెట్టి నిదానంగా తిప్పాడు! అందుకే నా గొంతు అలా బండబారిపోయింది. ఇంతకీ మీది ఏం క్లబ్బు?"

"మగవాళ్ళు మగవాళ్ళతో డాన్సులాడే క్లబ్బు."

"చిన్నపిల్లాడి కోసం రాసిన పాటని ఎక్కడికి తీసుకెళ్ళారండీ!"

యోరిస్ తల దించుకున్నాడు.

"మొదట్లో మేమూ నవ్వుకున్నాం, ఇంత బరితెగించిన పాట ఎక్కడా వినలేదని. చొక్కాలు విప్పేసి ఆడేవాళ్ళం. తర్వాత ఆ ఎయిడ్స్ జబ్బు వచ్చింది. ఆదివారం ఆదివారానికీ ఒకడు తగ్గిపోయేవాడు. ఆసుపత్రిలో మమ్మల్ని ముట్టుకోవడానికి నర్సులు కూడా జంకేవాళ్ళు. ఆ రోజుల్లో భయపడకని మాకు చెప్పింది ఈ గొంతొక్కటే. ఇప్పటి కుర్రాళ్ళకి అవేవీ తెలియవు. అయినా ఇది మొదలైతే చాలు, గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేసి వచ్చేస్తారు."

గోడెలీవ్ రొయ్యల గిన్నె మీద మూత పెట్టింది.

"నా రికార్డు ఎవరూ కొనలేదు," అంది. "పెట్టెలకి పెట్టెలు మా నాన్న కారు షెడ్డులో మగ్గిపోయాయి." లేచి చేతులు కడుక్కుంది. కోటు తీసుకుంది. "పదండి."

ఆమె ఊరు ఒస్టెండ్ నుంచి ఆంట్‌వర్ప్ దాకా దారి పొడుగునా వాన. యోరిస్ ఆసుపత్రి ముందు కారు ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు.

"పాడింది మీరని అతనికి చెప్పొద్దండీ. ఆ పాడే మగాణ్ణి నలభై ఏళ్ళు నమ్ముకున్నాడు. ఈ చివరి నాలుగు రోజుల్లో అది కూడా లాక్కోలేను."

"మరి నేనెవర్నని చెప్పను?"

"పాడినవాడి అక్కనని చెప్పండి. తమ్ముడు పోయాడని చెప్పండి."

"నా తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడు. వాణ్ణి చంపేయమంటారు," అంది ఆమె. కానీ కాదనలేదు.

ఆర్నో దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మనిషి పుల్లలా అయిపోయాడు, కళ్ళలో మాత్రం ఆ పాత అల్లరి అలాగే ఉంది.

"ఎవర్రా ముసలోడా, ఈవిడ?"

"లామెన్స్ వాళ్ళ అక్కగారు. అతను... పోయాడట."

ఆర్నో ఆమెని ఎగాదిగా చూశాడు. పెదవి చివర చిన్నగా వణికింది.

"మీ తమ్ముడి గొంతు బంగారమండీ."

"వాడు వింటే... సంతోషించేవాడు," అంది గోడెలీవ్ తడబడుతూ.

"యోరిస్, ఆవిడకి కాఫీ పట్రా. ఈ మిషన్‌లోది వద్దు, కింద కాంటీన్‌లోది తే."

గండం గడిచిందనుకుంటూ యోరిస్ బయటపడ్డాడు. లిఫ్టు దాకా వెళ్ళాక, పాలు పోయించాలా వద్దా అడగలేదని గుర్తొచ్చింది. వెనక్కి వచ్చాడు. తలుపు ఓరగా ఉంది. లోపల ఆర్నో, ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడుతున్నాడు.

"...నలభై ఐదని దాని మీద అంత లావున రాసుంటే నాకు కనపడదా అండీ? ఆ రోజు చెయ్యి జారి తప్పు వేగంలో పెట్టాను. సరిచేసేలోపే వీడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు, 'ఎవరా పాడేది? ఆ గొంతుకి పడిపోయాను' అంటూ. ఆ పై ఆదివారం మళ్ళీ ఆ పాట కోసమే వచ్చాడు. అందుకే కవరు మీదున్న మీ ఫొటో చింపేశాను. మీకు దణ్ణం పెడతాను తల్లీ, ఆ గొంతు మగవాడిది కాదని మా యోరిస్‌కి మాత్రం చెప్పకండి."