పిల్లత్త పెట్టిన పథ్యం

పెరటి కుక్క చుక్కన్నకు ఒళ్లంతా ఒకటే దురద. గోడకేసి రుద్దుకుని రుద్దుకుని సున్నమంతా రాల్చేశాడు. వైద్యం తెలుసని చెప్పుకునే ఇంటి పిల్లి, పిల్లత్త, అతగాడి పంజా పట్టుకుని నాడి చూసింది.

"ఏదో తిండి పడటం లేదల్లుడూ. అదేదో తేలాలంటే రోజుకొకటి మానేసి చూడాలి. మానేసింది పారబొయ్యకు, నాకు పెట్టు," అంది.

చుక్కన్న పెరుగన్నం మానేశాడు. దురద తగ్గలేదు గానీ పిల్లత్తకు పొట్టొచ్చింది. గుడ్డు మానేస్తే ఆ పొట్ట కాస్తా నేలకు తగిలింది. ఎండు రొయ్యలు మానేసిన నాడు మాత్రం దురద చేత్తో తీసేసినట్టు పోయింది.

ఆ సాయంత్రమే పిల్లత్త గోక్కోవడం మొదలుపెట్టింది.

"అయ్యో, నీకేమైందత్తా?"

తిండికి ఆశపడి దురద తెచ్చుకున్నానంటే ఇక తన దగ్గర వైద్యానికి ఎవరొస్తారు? పిల్లత్త గొంతు సవరించుకుంది. "నీ రోగం నా మీద వేసుకున్నాను నాయనా."

చుక్కన్నకు కళ్లనీళ్లు ఆగలేదు. మర్నాడు తన వాటా రొయ్యలన్నీ తెచ్చి ఆమె ముందు పోశాడు.

"దక్షిణ ఇవ్వకపోతే వైద్యం పనిచెయ్యదట. ఇక రోజూ తెస్తాను. నువ్వు తినేదాకా ఇక్కణ్ణించి కదల్నత్తా."

పిల్లత్త ఒక కాలితో గోక్కుంటూ ఇంకో కాలితో రొయ్య అందుకుంది.