వలతాళ్ల పడవ

“అత్తా, ముక్కు మళ్లీ విప్పేశావా!”

లోయిస్ గుమ్మంలోనే నిలబడిపోయింది. నిన్న పూర్తికావచ్చిన పడవకు ఈ రోజు ముందుభాగమే లేదు. కెజియా ఒళ్లో పచ్చ తాడు చిక్కుపడి ఉంది.

“రంగు కుదరలేదే,” అంది కెజియా తలెత్తకుండా.

“కుదరకపోవడం ఇది ఐదోసారి.”

ఒడ్డుకు కొట్టుకొచ్చిన పాత వలల తాళ్లతో అల్లిన పడవ అది. ఒక మనిషి పడుకోవచ్చు. అంచుల వెంట వల బెండ్లు, తెగిన చెప్పులు, ఎవరిదో పిల్లల బొమ్మ చెయ్యి కుట్టి ఉన్నాయి. మూడేళ్ల కిందట చేపల వేటకు వెళ్లిన కెజియా కొడుకు, లోయిస్ మొగుడు ఓబెడ్ తిరిగి రాలేదు. అతని పడవ మాత్రం ఖాళీగా దొరికింది. శవం లేని గోతిలో ఈ అల్లిన పడవను పెట్టి, పైన సమాధి రాయి నిలపాలని దీవి పెద్దలు తేల్చారు. రాయి వచ్చి ఏడాదైంది. గుడ్డ కప్పుకుని చర్చి పక్కన నిలబడి ఉంది. ఆ గుడ్డ తీసి విందు పెట్టేదాకా లోయిస్‌కి దుఃఖదినాలు తీరవు, మళ్లీ పెళ్లి కుదరదు.

“నన్ను చేసుకోవడానికి ఎనోక్ ఎన్నాళ్లని ఆగుతాడు? వాళ్లమ్మ అననే అంది. పాత వలలు తాబేళ్లనే కాదు, కోడళ్లనీ చుట్టుకుని చంపుతాయట.”

“దాని గొంతులో ముల్లు దిగ!”

“ఆమెని తిట్టి ఏం లాభం? ఆయన ఇంక రాడత్తా. నీకు తెలియదా?”

కెజియా వేళ్లు ఆగాయి. “రాడు. నాకు తెలుసు.”

“మరెందుకు ఈ విప్పడం?”

కెజియా మళ్లీ చిక్కు తీయసాగింది. లోయిస్ చాప మీద చతికిలబడింది.

“సరేలే. ఎనోక్‌కి పెళ్లి వద్దని చెప్పేస్తా. నీ పక్కనే కూర్చుని ఈ చిక్కులు తీసుకుంటూ ముసలిదాన్నవుతా. ఇలా తే.”

వంగి తాడు అందుకుంది. పాపిట్లో నాలుగు తెల్ల వెంట్రుకలు. కెజియా వాటినే చూస్తూ ఉండిపోయింది.

“ఆ కొస గట్టిగా పట్టుకో,” అంది చివరికి.

మధ్యాహ్నానికి ముక్కు నిలబడింది. కెజియా ఆఖరి ముడి వేసి, మిగిలిన తాడు కోసేసింది.

“శనివారం గుడ్డ తీద్దాం. తాబేలు కూర మాత్రం ఎనోక్ తల్లే వండాలి. నోటికున్నంత పనితనం చేతికీ ఉందేమో చూస్తా.”

లోయిస్ అత్త మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఎనోక్ ఇంటివైపు పరుగెత్తింది.

ఇల్లు ఖాళీ అయింది. గాలికి పడవ తాళ్లు మెల్లగా కదిలాయి. ఇంతలో ఫోన్ మోగింది.

“అమ్మా, ఒక్కదానివే ఉన్నావా? ఇక్కడ మా బుడ్డోడు నడుస్తున్నాడే!”

కెజియా రెండో చేతిని పడవ అంచు మీద ఆనించింది.

“ఓబెడూ, శనివారం నీ రాయి తెరుస్తున్నాం. ఇంక ఫోన్ చెయ్యకు, నాయనా.”