అమ్మవారి పేరున

ఎండు నెత్తళ్ల తట్ట ఆఫీసు గుమ్మం పక్కన దించి, ఆ ముసలమ్మ వ్యాన్‌లోకి తొంగిచూసింది.

వేలు చూపిస్తూ సీట్లు లెక్కపెట్టింది.

పై గది కిటికీలోంచి సోమేశ్వరరావు అది చూడనే చూశాడు.

"దానయ్యా, మళ్లీ వచ్చింది. ఏటంట?"

డ్రైవరు దానయ్య నవ్వాడు. "ఎప్పుడూ అడిగీదే సారూ. ఎంతమందిని తీసికెల్లావు, ఎవల దగ్గరైనా డబ్బులు గుంజావా అని."

సోమేశ్వరరావు పలాసలో జీడిపప్పు వ్యాపారి. ఉద్దానం చేయూత నిధికి కార్యదర్శి. పల్లెల్లోని కిడ్నీ రోగులను డయాలసిస్‌కి తెచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దింపే ఆ ఒక్క వ్యానూ నిధి సొమ్ముతోనే నడుస్తుంది.

ఈ ఏడు పప్పు ధర పడిపోయింది. సగం ఫ్యాక్టరీలకు తాళాలు పడ్డాయి. దాతలు ఫోను ఎత్తడం మానేశారు. వ్యాను ఆగిపోతే ఆ రోగుల గతేమిటని తలుచుకుంటే ఆయనకు అన్నం సహించడం లేదు.

ఇలాంటప్పుడు ముక్కూమొహం తెలియని మనిషి నెలనెలా వచ్చి ఆరాలు తీస్తుంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు?

టెక్కలిలో పోటీగా ఇంకో నిధి పెట్టినవాళ్లే పంపి ఉంటారని ఆయన గట్టి నమ్మకం. పోయినేడు, రోజులు బాగున్నప్పుడే, ఒకసారి నిలదీశాడు కూడా.

"నిన్నెవరు పంపారమ్మా?"

"నన్నెవలు పంపుతారు బాబూ? నా కాళ్లే పంపినాయి."

గోడ మీది దాతల బోర్డు వైపు చూసింది. "నాకు సదువు రాదు. ఆ పైనున్న పేరేటి?"

"శ్రీ నూకాలమ్మ అమ్మవారు, బారువ."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సోమేశ్వరరావుకి ఒళ్లు మండింది. అమ్మవారి పేరు చెబితే నవ్వే మనిషిని ఎలా నమ్మడం? బారువ బ్యాంకులో నెలనెలా ఎవరో నూకాలమ్మ పేరున నిధికి జమ చేస్తున్నారు. అది మొక్కేనని, మొక్కుకున్నది ఎవరో రొయ్యల చెరువుల ఆసామి అని కమిటీ ఎప్పుడో తేల్చేసింది. బోర్డులో మొదటి పేరు అందుకే అమ్మవారిది.

వెళ్తూ వెళ్తూ ఆమె ఆగింది. "వచ్చిందంతా ఖర్సు పెట్టేత్తన్నారా బాబూ?"

"నీకెందుకు?"

"వేట బందు రెణ్ణెల్లు మేం సముద్రం మీదకి ఎల్లం గదా. సేపలు బాగా పడ్డప్పుడే ఎండబెట్టి దాత్తాం. బండిక్కూడా బందు రోజులొత్తాయి. కొంత ఎండబెట్టుకో."

ఆయన లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ఆ వారమే కమిటీలో, వచ్చినదాంట్లో మూడోవంతు విడిగా దాయాలని తన సొంత ఆలోచనలా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాస్త సిగ్గనిపించింది గానీ ఊరుకున్నాడు.

ఇప్పుడు వ్యాను నడుస్తున్నది ఆ దాచినదాంతోనూ, మానకుండా పడుతున్న నూకాలమ్మ జమతోనూ.

ఇవాళ ఆ ముసలమ్మ రొప్పుతూ మెట్లెక్కి పైకి వచ్చింది. మొహం ఉబ్బి ఉంది.

"బాబూ, బారువ నుంచి ఒక మనిషికి సీటు ఉంటాదా?"

అదీ సంగతి! ఏడాదిగా తిరుగుతున్నది చేపల తట్టను పైసా ఖర్చు లేకుండా పలాస చేర్చుకోవడానికన్నమాట.

"ఇది రోగుల బండి. సేపల బండి కాదు."

"రోగికే బాబూ. డాట్రు కాగితం ఉంది."

"బండి బారువ దాకా రాదు. ఒక్క మనిషి కోసం తిప్పితే డీజిలు నువ్వు పోత్తావేటి?"

ఆమె చేతిలోని కాగితాన్ని మళ్లీ కొంగున ముడేసుకుంది.

"సరేలే బాబూ" అని మెట్లు దిగింది.

తర్వాత రెండు నెలలు ఆమె రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు.

కానీ ఆ రెండు నెలలూ నూకాలమ్మ జమ కూడా పడలేదు. దాచిన సొమ్ము కరిగిపోతోంది. ఆ ఆసామి కాళ్లు పట్టుకునైనా బతిమాలాలని, వ్యానుకు పని లేని గురువారం చూసి, శాలువా, దండ కొనుక్కుని దానయ్యతో ఆ వ్యానులోనే బారువ వెళ్లాడు.

నూకాలమ్మ గుడి ముందు ఇసుకలో మోహిని అనే ఆవిడ చేపలు ఆరబెడుతోంది.

"అమ్మా, ఈ అమ్మవారి పేరున పలాస నిధికి నెలనెలా డబ్బు కట్టే ఆసామి ఇల్లెక్కడ?"

"ఆసామి ఎవలూ లేరు బాబూ. కట్టింది మా అత్త. ఆవిడ పేరే నూకాలమ్మ. మా మావ డయాలసిస్‌కి బండి దొరక్కే పోయాడు. అప్పట్నుంచీ, తనకి బాగున్నంతకాలం కట్టింది."

సోమేశ్వరరావు దండ సరిచేసుకున్నాడు. "మహాతల్లి! పిలవమ్మా, సన్మానం సేత్తాం."

"ఇంట్లో లేదు. ఆవిడకీ అదే రోగం తగులుకుంది. సోంపేటలో బస్సు మారి పలాస ఎల్లింది, డయాలసిస్‌కి."

"బస్సులోనా! డబ్బు కడతన్నది నేనేనని ఒక్క మాటంటే బండి ఇంటి ముందుకి పంపుదుం గదా!"

"అలా సెప్పి ఎక్కితే ఇచ్చిందంతా టిక్కెట్టు డబ్బులైపోద్దంది. ఆ మాట సెప్పకండానే అడిగి సూసింది."

"అడిగిందా? ఎవర్ని?" సోమేశ్వరరావు గిర్రున వెనక్కి తిరిగి దానయ్య వైపు అనుమానంగా చూశాడు.

"ఎవలో మరి, పై గదిలో ఉంటాడంట" అంది మోహిని, చేపలు తిరగేస్తూ. "ఒక్క మనిషి కోసం తిప్పితే డీజిలు నువ్వు పోత్తావేటి అన్నాడంట."