పిలిస్తే చూడని పిల్లాడు

"బాబు పేరేందమ్మా?"

స్టూలెక్కి ఏసీ బిగిస్తూ అడిగాడు అంజన్న. కంపెనీ క్వార్టర్లలో రిపేర్లు చేసే మనిషి.

"పునీత్," అంది ఊర్మిల.

"పునీత్! ఓ పునీత్!"

రెండున్నరేళ్ల పిల్లాడు తలెత్తలేదు. గిన్నె మూత గిరగిరా తిప్పుకుంటున్నాడు.

"యుద్ధంలో సైరన్లకి జడుసుకున్నాడు. అప్పట్నించీ ఇంతే," అందామె గబగబా. సౌదీలోని హుఫూఫ్‌లో గల్ఫ్ యుద్ధపు సైరన్లు ఆగి అప్పటికి మూడు నెలలైంది.

అంజన్న ఏసీ ఆన్ చేశాడు. ఆ కాస్త చప్పుడుకే పునీత్ పరుగెత్తుకొచ్చాడు.

"చెవులు మంచిగనే ఉన్నయమ్మా. ఏమన్న గావాలంటే ఏలు పెట్టి చూపిస్తడా?"

ఊర్మిల కొడుకు వైపు చూసింది. చూపించడు. మొహంలోకైనా చూడకుండా చెయ్యి పట్టి లాక్కెళ్తాడు.

"అట్లయితే జల్ది డాక్టరుకు చూపియ్యిండ్రి."

"నా బిడ్డకేం రోగం? వచ్చిన పని చూసుకుని వెళ్లు!"

"కోపం జేసుకోకుండ్రమ్మా. మాటలు అవే వస్తయని కూసుంటే..."

"వెళ్లమన్నానా!"

సాయంత్రం భర్తకి చెప్పింది. ఇంజనీరు అమ్మిరాజు ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాడు. మర్నాటికల్లా అంజన్నని ఎక్కడో దూరాన ఉన్న ఉనైజా సైటుకి పంపేశారు.

మనిషి వెళ్లాడు కానీ మాట ఇంట్లోనే ఉండిపోయింది. ఊర్మిలకి కాలు ఒకచోట నిలిచేది కాదు. వంటింట్లోంచి పిలిచేది. తలుపు చాటునుంచి పిలిచేది. పక్కన కూర్చుని పిలిచేది. ఒక్కోసారి పునీత్ తిరిగి చూసేవాడు. ఆ పూట ఆమెకి అన్నం సయించేది. మర్నాడు మళ్లీ మొదలు.

"మగపిల్లలకి మాటలు ఆలస్యమేనే," అనేవాడు అమ్మిరాజు.

రెండేళ్లు గడిచాయి.

సెలవుకి హైదరాబాదు వెళ్లినప్పుడు డాక్టరమ్మ పునీత్‌ని గంటసేపు ఆడించి చూసింది.

"దీన్ని ఆటిజం అంటారు. నేర్పిస్తే నేర్చుకుంటాడు. రెండేళ్లప్పుడే తెచ్చుంటే ఇంకా తేలికయ్యేది. ఎవరూ గమనించలేదా అమ్మా?"



హుఫూఫ్ తిరిగి రాగానే ఊర్మిల భర్తని వెంటబెట్టుకుని అంజన్న ఆచూకీ కోసం కంపెనీ లేబర్ క్యాంపుకి వెళ్లింది. ఇదివరకు అంజన్నతో ఒకే గదిలో ఉన్న మస్తాన్ వలీ ఎదురొచ్చాడు.

"అంజన్నా? పోయిన నెలే ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికెళ్లిపోయాడమ్మా, ఇంక తిరిగి రాడు."

ఊర్మిల అడిగింది, "పిల్లల సంగతి ఆయనకంత ఎలా తెలుసు?"

"ఏ ఇంటికి పనికెళ్లినా ముందు పిల్లల్నే చూసేవాడమ్మా. ఆయన కూతురూ పిలిస్తే చూడదు. అప్పటి యజమాని, ఆ కఫీల్, సెలవియ్యక, బిడ్డను మొదటిసారి కళ్లజూసేసరికే దానికి ఐదేళ్లు నిండినాయి."